142857 వెనక ఉన్నది ఏడో ఎక్కమే

142857ను 2తో గుణిస్తే 285714 వస్తుంది. 3తో గుణిస్తే 428571. 4తో అయితే 571428, 5తో 714285, 6తో 857142. ప్రతిసారీ అవే ఆరు అంకెలు, అదే వరసలో వస్తాయి. మొదలయ్యే చోటు ఒక్కటే మారుతుంది. ఈ ఆరు అంకెలను ఒక కాగితం ముక్క మీద రాసి, రెండు కొసలూ కలిపి గుండ్రంగా అతికించండి. ఎక్కడ కత్తిరిస్తామన్నదాన్ని బట్టి పై జవాబులన్నీ ఆ ఒక్క కాగితంలోంచే వస్తాయి. 7తో గుణిస్తే మాత్రం ఆట ఉన్నట్టుండి ఆగిపోయి 999999 వస్తుంది.

ఈ సంఖ్య మీద వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డులు మామూలుగా ఇక్కడిదాకా వచ్చి, ఇందులో ఏదో విశ్వరహస్యం ఉందని తేల్చేస్తాయి. కాస్త ఓపికున్నవి ఇంకో నాలుగు వింతలు చేరుస్తాయి. సంఖ్యను సగానికి విరిచి కలిపితే 142 + 857 = 999. మూడు ముక్కలు చేసి కలిపితే 14 + 28 + 57 = 99. వర్గం చేస్తే 20408122449, దాన్ని విరిచి కలిపితే 20408 + 122449 = మళ్లీ 142857. పైగా ఇందులో 3, 6, 9 లేవు! విడివిడిగా చదివితే ఇవన్నీ దేనికదే ఒక అద్భుతంలా కనిపిస్తాయి. కానీ అన్నింటికీ మూలం ఒక్కటే: 1ని 7తో భాగించేటప్పుడు ఒక్కో మెట్టులో మిగిలే శేషాలు. 142857కి సొంత మహిమంటూ ఏమీ లేదు. ఉన్నదల్లా 7కీ, మనం లెక్కపెట్టడానికి వాడే 10కీ మధ్య కుదిరిన పొత్తు.

ఆ భాగహారాన్ని ఒక్కసారి చేతితో చేసి చూడాలి. క్యాలిక్యులేటర్‌లో చేస్తే జవాబు కనిపిస్తుంది కానీ శేషాలు కనిపించవు, అసలు కథంతా శేషాల్లోనే ఉంది. 1లో 7 పోదు కాబట్టి దశాంశ బిందువు పెట్టి, సున్నా దించి, 10 చేస్తాం. 10లో 7 ఒకసారి పోయి 3 మిగులుతుంది. సున్నా దించితే 30, నాలుగుసార్లు పోయి 2 మిగులుతుంది. 20లో రెండుసార్లు, శేషం 6. 60లో ఎనిమిదిసార్లు, శేషం 4. 40లో అయిదుసార్లు, శేషం 5. 50లో ఏడుసార్లు, శేషం 1. మొదలుపెట్టింది కూడా 1తోనే కాబట్టి ఇక్కడి నుంచి అంతా మళ్లీ మొదటికొస్తుంది. భాగఫలంలో వరసగా పడిన అంకెలు 1, 4, 2, 8, 5, 7. పక్కన మిగిలిన శేషాలు 3, 2, 6, 4, 5, 1. స్కూల్లో అంతం కాని ఆవర్తన దశాంశం అని చెప్పేది దీన్నే: 1/7 = 0.142857142857...

7తో భాగిస్తే సున్నా కాని శేషాలు ఆరే ఉంటాయి. ఈ భాగహారం ఆ ఆరింటినీ ఒక్కటి కూడా వదలకుండా, ఒక్కోదాన్ని ఒక్కసారే తాకుతూ చుట్టి వచ్చింది. ఇదే కీలకం. 3/7 విలువ కావాలంటే కొత్తగా భాగహారం మొదలుపెట్టక్కర్లేదు. 1/7 లెక్కలో 3 శేషంగా మిగిలిన చోటి నుంచి చదువుకుంటే చాలు: 0.428571... అలాగే 2 మిగిలిన చోటి నుంచి చదివితే 2/7 = 0.285714... ఆరు భిన్నాలకూ ఒకే భాగహారం సరిపోతుంది. 142857ను 3తో గుణించడమంటే 1/7ను 3/7గా మార్చడమే, అంటే అదే చుట్టులో ఇంకోచోట మొదలుపెట్టడమే. గుణిస్తే అంకెలు తిరగడం వెనక ఉన్నది ఇంతే. 7తో గుణిస్తే 7/7, అంటే 1 రావాలి. అది 0.999999... రూపంలో వస్తుంది. అందుకే 999999.

నోటిలెక్క సరదా ఉన్నవాళ్లకు ఇందులో ఒక చిట్కా ఉంది. చుట్టులోని అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే 1, 2, 4, 5, 7, 8. 1/7 మొదలుకొని 6/7 దాకా ఆరు భిన్నాల దశాంశాలూ వరసగా ఈ అంకెలతోనే మొదలవుతాయి. 5/7 కావాలంటే వరసలో అయిదోది 7. చుట్టులో 7 దగ్గర మొదలుపెట్టి చదివితే 0.714285. కాగితం, పెన్ను లేకుండా ఆరు దశాంశ స్థానాల దాకా జవాబు చెప్పేయొచ్చు.

3, 6, 9 ఎందుకు లేవన్న ప్రశ్నకు కూడా జవాబు ఈ భాగహారంలోనే ఉంది. ప్రతి మెట్టులోనూ మనం భాగించేది 10, 20, 30, 40, 50, 60లలో ఒకదాన్ని. భాగఫలంలో 3 పడాలంటే భాగించే సంఖ్య 21కీ 27కీ మధ్య ఉండాలి. ఆ మధ్యలో పదితో పోయే సంఖ్య లేదు. 6 పడాలంటే 42 నుంచి 48లోపు ఉండాలి, అక్కడా లేదు. 9కి కావలసిన 63 నుంచి 69 మధ్యలోనూ లేదు. ఈ చిన్న విషయం మీద పెద్ద మేడలే కట్టారు. 20వ శతాబ్దం మొదట్లో రష్యాలో ఆధ్యాత్మిక బోధకుడు గుర్జీఫ్ ప్రచారం చేసిన ఎన్నియాగ్రామ్ బొమ్మలో వలయం మీద తొమ్మిది చుక్కలుంటాయి. 1-4-2-8-5-7 వరసలో ఆరు చుక్కలను గీతలతో కలుపుతారు, మిగిలిన 3, 6, 9 ఒక త్రిభుజం అవుతాయి. బొమ్మ చూడ్డానికి బాగుంటుంది. ఏడో ఎక్కం ఇరవై ఒకటి నుంచి ఇరవై ఎనిమిదికి పోయేటప్పుడు మధ్యలో ఏ పదీ తగలదన్న నిజం మాత్రం ఆ బోధల్లో కనిపించదు.

ముక్కలు చేసి కలిపితే తొమ్మిదులు రావడం ఇంకా సులువు. 1/7కీ 6/7కీ మొత్తం 1. అంటే 142857, 857142 కలిపితే 999999 రావాలి. ఈ రెండో సంఖ్య మొదటిదాని సగాలను తారుమారు చేస్తే వచ్చేదే. కాబట్టి సగాల మొత్తం 999 కాక మరొకటి కావడానికి వీల్లేదు. మూడు ముక్కల సంగతీ అంతే: 1/7, 2/7, 4/7 కలిపితే 1. వాటి దశాంశాలు 142857, 285714, 571428. ఒకదాని కింద ఒకటి రాస్తే ప్రతి జత నిలువు వరసలోనూ 14, 28, 57 ఏదో ఒక క్రమంలో కనిపిస్తాయి, మొత్తం 99. ఆవర్తన దశాంశం పొడవు సరిసంఖ్య అయినప్పుడు సగాల మొత్తం ఇలా తొమ్మిదులే అవుతుందని, అది ఏ ప్రధాన సంఖ్యతో భాగించినా వర్తిస్తుందని ఫ్రాన్స్‌లో మిడీ అనే గణితజ్ఞుడు 1836లో రాశాడు. సిద్ధాంతం ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.

7 విషయంలో దీనికి అడుగున ఉన్నది 1001 = 7 × 11 × 13 అన్న చిన్న నిజం. వెయ్యిని 7తో భాగిస్తే 6 మిగులుతుంది, అంటే నిండుగా పోవడానికి ఒకటి తక్కువ. అందుకే మూడు మెట్లు దాటగానే శేషం 1 కాస్తా 6 అవుతుంది, 3 కాస్తా 4 అవుతుంది, 2 కాస్తా 5 అవుతుంది. ఏదైనా మూడంకెల సంఖ్యను రెండుసార్లు పక్కపక్కన రాస్తే, ఉదాహరణకు 482482, అది 7తోనూ 11తోనూ 13తోనూ శేషం లేకుండా పోవడానికి కారణం కూడా ఈ 1001యే.

ఈ సంగతి మన దేశంలో గణితం రాసినవాళ్ల చేతికి ఎప్పుడో తగిలింది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహం గుణకారం భాగంలో, జవాబు ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే లెక్కలు కొన్ని ఇచ్చి వాటిని మెడలో వేసుకునే హారాలతో పోల్చాడు. 139 × 109 = 15151 అందులో ఒకటి. 12345679 × 9 = 111111111 ఇంకొకటి. 142857143 × 7 = 1000000001 కూడా ఆ వరసలోదే. రెండు చివర్లా ఒక్కో ఒకటి, మధ్యలో అన్నీ సున్నాలు. ఇందులో మొదటి ఆరు అంకెలూ మన సంఖ్యే. వెయ్యికి శేషం 6 అయినట్టే, వెయ్యిని మూడుసార్లు గుణిస్తే వచ్చే వంద కోట్లకూ శేషం 6. దానికి ఒకటి కలిపితే 7తో నిండుగా పోవాల్సిందే. మహావీరుడికి ఈ కారణం ఎంతవరకు తెలుసో ఆ లెక్క చెప్పదు. లెక్క మాత్రం తప్పు లేకుండా ఉంది. ఆ సంస్కృత గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా చెప్పుకునేది దాన్నే.

ఇక 7 దాటాక ఏమవుతుంది? 142857 × 8 = 1142856. ఏడంకెలొచ్చాయి, చుట్టు చెదిరిపోయినట్టు కనిపిస్తుంది. కుడి వైపు నుంచి ఆరు అంకెలు వదిలి, మిగిలిన 1ని తీసి ఆ ఆరంకెల సంఖ్యకు కలపండి: 142856 + 1 = 142857. 8ని 7తో భాగిస్తే శేషం 1 కదా, అందుకే ఒకటితో గుణించినట్టే వచ్చింది. ఎంత పెద్ద సంఖ్యతో గుణించినా ఇదే సూత్రం పనిచేస్తుంది. 365తో గుణించి చూస్తే ఇంకా బాగుంటుంది. 142857 × 365 = 52142805. ఎడమ వైపు తెగిన ముక్క 52. దాన్ని 142805కు కలిపితే 142857. ఏడాదిలో 52 వారాలు, పైన ఒక రోజు. తెగిన ముక్క వారాల సంఖ్య అయింది, మిగిలిన చుట్టు ఆ ఒక్క రోజు. లీపు సంవత్సరం 366తో గుణిస్తే 52285662 వస్తుంది. 52ను 285662కు కలిపితే 285714, అంటే రెండో రూపం, రెండు రోజులు. 2025 జనవరి 1 బుధవారం అయితే 2026లో గురువారం అయింది, ఒక రోజు జరిగింది. 2024 లీపు సంవత్సరం కాబట్టి ఆ ఏడు జనవరి 1 సోమవారం అయితే 2025కు రెండు రోజులు జరిగి బుధవారానికి వచ్చింది. ఫార్వర్డుల్లో ఎక్కడా కనిపించదు కానీ, ఈ సంఖ్య గురించి చెప్పుకోదగ్గ వింత ఇదేననిపిస్తుంది. ఎవరూ అడగకుండానే క్యాలెండర్ లెక్క చేసి పెడుతోంది.

వర్గం చేసినప్పుడు జరిగేదీ దీని నీడలోదే. విరిచి కలిపితే తిరిగి తనే వచ్చే ఇలాంటి సంఖ్యలను కాప్రేకర్ సంఖ్యలంటారు. మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి దేవళాలిలో స్కూలు టీచరుగా పనిచేస్తూ జీవితమంతా సంఖ్యలతో ఆడుకున్న డి. ఆర్. కాప్రేకర్ (1905-1986) పేరు మీద వచ్చిన పేరది. 45 అలాంటిదే: వర్గం 2025, 20 + 25 = 45. 142857 కూడా కాప్రేకర్ సంఖ్యే కావడం విని చాలామంది ఆశ్చర్యపోతారు. కానీ వర్గం చేయడమంటే 142857ను 142857తోనే గుణించడం. గుణించే సంఖ్యను 7తో భాగిస్తే శేషం ఎంత? 7 × 20408 = 142856, కాబట్టి శేషం 1. అంటే ఒకటితో గుణించినట్టే, తనే తిరిగి రావాలి. తెగిన ముక్క 20408 కూడా ఆ భాగహారంలో వచ్చిన భాగఫలమే. ఏడులోంచి పుట్టిన ఈ సంఖ్య 7తో పోకపోవడం కూడా ఇక్కడే బయటపడుతుంది. దాని కారణాంకాలు 3, 3, 3, 11, 13, 37.

ఇదే సంఖ్య ఇంకోచోట, వేరే వేషంలో, దాదాపు ప్రతి తెలుగు విద్యార్థికీ ఎదురైంది. వృత్తం లెక్కల్లో π బదులు వాడే 22/7 అంటే మూడూ, ఏడింట ఒకటీ: 3.142857142857... అసలు π విలువ 3.14159265... రెండూ కలిసేది రెండు దశాంశ స్థానాల దాకానే. π విలువ 3 1/7 కన్నా తక్కువగా, 3 10/71 కన్నా ఎక్కువగా ఉంటుందని ఆర్కిమెడీస్ క్రీస్తుకు పూర్వమే రుజువు చేశాడు. ఆర్యభటుడు ఇచ్చిన 62832/20000 (3.1416) దీనికన్నా చాలా దగ్గరి విలువ. ఏడుతో పనైపోయే సౌలభ్యం కోసం 22/7 నిలిచిపోయింది. దానివల్ల ఒక నష్టం కూడా జరిగింది. π = 22/7 అని బట్టీ పట్టినవాళ్లలో చాలామందికి π దశాంశాలు కూడా ఎక్కడో ఒకచోట తిరగబెడతాయన్న భ్రమ మిగిలిపోతుంది. తిరగబెట్టేది 142857, π కాదు. π కరణీయ సంఖ్యని, అంటే పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేనిదని, కొన్ని పేజీల తర్వాత చెప్పినా, అప్పటికే 22/7 బుర్రలో పాతుకుపోయి ఉంటుంది.

ఇంతకీ ఈ గుణం 7 ఒక్కదానిదేనా? కాదు. 1/17 తీసుకుంటే చుట్టులో 16 అంకెలుంటాయి: 0588235294117647. దాన్ని రెట్టింపు చేస్తే 1176470588235294, అవే అంకెలు మళ్లీ తిరిగాయి. 1/19కి 18 అంకెల చుట్టు: 052631578947368421. ఇలాంటివాటిని చక్రీయ సంఖ్యలు అనొచ్చు. 10ని మించిన ప్రధాన సంఖ్యతో భాగిస్తే మొదటి అంకె సున్నా అవుతుంది కాబట్టి, ముందు సున్నా లేకుండా ఉండే చక్రీయ సంఖ్య 142857 ఒక్కటే. దాని పేరు ఇంతగా మోగడానికి సగం కారణం ఇదే.

అన్ని ప్రధాన సంఖ్యలూ ఇలా ఉండవు. 1/13 = 0.076923... చుట్టు ఆరు అంకెలకే ముగుస్తుంది, శేషాలు మాత్రం పన్నెండున్నాయి. మిగిలిన ఆరు శేషాలు 2/13 = 0.153846... అనే రెండో చుట్టులో పడతాయి. 076923ను 3తో గుణిస్తే 230769, తన చుట్టులోనే ఉంది. 2తో గుణిస్తే 153846, పక్క చుట్టులోకి దూకింది. 2, 5 తప్ప ఏ ప్రధాన సంఖ్యకైనా శేషాలన్నీ ఇలా సమానమైన చుట్లుగానే విడిపోతాయి, కాబట్టి చుట్టు పొడవు శేషాల సంఖ్యను నిండుగా భాగించాలి. ఫెర్మా 1640లో ఒక ఉత్తరంలో రాసిన చిన్న సిద్ధాంతం చెప్పేది దీన్నే. 7కు చుట్టు పొడవు 6 అయింది, 13కు 12లో సగం అయింది, 11కు రెండే (1/11 = 0.0909...), 37కు మూడే (0.027027...).

పది బదులు వేరే ఆధారంతో లెక్కపెడితే 7 కూడా ఈ గొప్ప పోగొట్టుకుంటుంది. కంప్యూటర్లు వాడే రెండంకెల పద్ధతిలో 1/7 అంటే 0.001001001..., మూడంకెల చుట్టు. అందులో పడే శేషాలు 1, 2, 4 మాత్రమే. ఎనిమిది ఆధారంగా లెక్కపెడితే 0.1111..., ఇక ఆటే లేదు. పన్నెండు ఆధారంగా అయితే మళ్లీ ఆరింటి చుట్టు వస్తుంది, కానీ అంకెలు 142857 కావు. మనిషికి చేతికి నాలుగు వేళ్లే ఉండి ఎనిమిదితో లెక్కపెట్టడం అలవాటై ఉంటే, ఈ విశ్వరహస్యం ఎవరి ఫోన్లోకీ వచ్చేది కాదు.

అసలు కష్టమైన ప్రశ్న ఇక్కడి నుంచి మొదలవుతుంది: పది ఆధారంగా, 7 లాగా శేషాలన్నింటినీ ఒకే చుట్టులో తిరిగి వచ్చే ప్రధాన సంఖ్యలు ఎన్ని? వందలోపు ఉన్న 25 ప్రధాన సంఖ్యల్లో అలాంటివి తొమ్మిది: 7, 17, 19, 23, 29, 47, 59, 61, 97. వెయ్యిలోపు 168లో 60. పదివేల లోపు 1229లో 467. లక్షలోపు 9592లో 3617. శాతాల్లో వరసగా 36, 35.7, 38.0, 37.7. ఎంత దూరం పోయినా నిష్పత్తి పెద్దగా కదలడం లేదు. గౌస్ 1801లో అచ్చయిన తన సంఖ్యాశాస్త్ర గ్రంథంలో ఆవర్తన దశాంశాలకు ప్రత్యేకంగా చోటిచ్చాడు, కానీ ఈ నిష్పత్తి ఎంత ఉండాలో ఊహించింది ఎమిల్ ఆర్టిన్, 1927లో. ఆయన వాదన సులువుగానే ఉంటుంది. చుట్టు రెండు సమాన భాగాలుగా విరిగే అవకాశం సగం ప్రధాన సంఖ్యలకు ఉంటుంది. మూడుగా విరగాలంటే ముందు శేషాల సంఖ్య 3తో పోవాలి, ఆపై మూడింట ఒక వంతు అవకాశం, అంటే మొత్తం ఆరింట ఒకటి. అయిదుగా విరగడానికి ఇరవైలో ఒకటి. ఇవేవీ జరగకుండా ఉండే అవకాశాలన్నీ గుణించుకుంటూ పోతే 0.3739558... దగ్గర స్థిరపడుతుంది. అంటే నూటికి సుమారు 37.4. పైన చేతికొచ్చిన లెక్కలు దాని చుట్టూనే తిరుగుతున్నాయి.

రుజువు మాత్రం ఇప్పటికీ లేదు. నిష్పత్తి సంగతి అటుంచితే, 7 లాంటి ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయని కూడా ఎవరూ నిరూపించలేదు. 1967లో క్రిస్టఫర్ హూలీ ఆర్టిన్ చెప్పింది నిజమేనని చూపించాడు, కానీ సాధారణీకరించిన రీమాన్ పరికల్పన నిజమనుకుంటేనే. రీమాన్ పరికల్పన అంటే ప్రధాన సంఖ్యల పంపకంతో ముడిపడి, ఇప్పటికీ రుజువు కాని ప్రసిద్ధమైన ఊహ. ఇది దానికన్నా పెద్ద కొండ. 1986లో రోజర్ హీత్-బ్రౌన్ ఏ పరికల్పన మీదా ఆధారపడకుండా ఒక మెట్టు ఎక్కాడు. లెక్కపెట్టే ఆధారంగా ప్రధాన సంఖ్యనే తీసుకుంటే, అలాంటి ఆధారాల్లో మహా అయితే రెండు తప్ప మిగిలిన ప్రతిదానిలోనూ, శేషాలన్నింటినీ ఒకే చుట్టులో తిరిగి వచ్చే ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉంటాయని దాని సారాంశం. ఆ లెక్కన 2, 3, 5లలో కనీసం ఒకటి తప్పకుండా పాసవుతుంది. అది ఏదో ఆ రుజువు చెప్పదు. 10 ప్రధాన సంఖ్య కాదు కాబట్టి, ఆ ఫలితంలో పదికి నేరుగా చోటే లేదు.